గోడలోని రాయి

1986లో నౌపడ స్టేషన్‌లో పాసింజరు ఎక్కి వాల్తేరులో దిగినప్పుడు నా వెంట ఒక రేకు పెట్టె, చుట్టిన పరుపు, మా అమ్మ గుడ్డతో మూతి బిగించి కట్టిన ఆవకాయ జాడీ ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఎం.ఎస్సీ. జియాలజీ సీటు వచ్చిందన్న సంగతి ఊరంతటికీ తెలిసినా, అదేం చదువని ఎవరైనా అడిగితే మా నాన్న ‘రాళ్ల చదువు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. 1926లో మొదలైన విశ్వవిద్యాలయానికి అప్పటికి అరవై ఏళ్లు నిండాయి. నాకు ఇరవై నిండాయి.

హాస్టలుకు అలవాటు పడడం నాకు పెద్ద కష్టం కాలేదు. ఆరేసిన బట్టలు సముద్రపు గాలికి ఎంతకీ ఆరక జిడ్డుజిడ్డుగా ఉండడం, నెలాఖరున మెస్ ఖర్చంతా తలా ఇంతని పంచి బిల్లు వేస్తారు కనుక ఎవరి గదికి చుట్టం వచ్చినా అందరూ ఆరా తీయడం, ఇవన్నీ పదిహేను రోజుల్లో మామూలైపోయాయి. నా గదిలో ఉన్న తెనాలి అబ్బాయి మొదట్లో నా ‘ఏటి’కి పడీపడీ నవ్వేవాడు, దసరా సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక, అక్కడ తన నోటి నుంచి అదే మాట వచ్చి వాళ్లమ్మ తెల్లబోయిందని చెప్పాడు.

అసలు చిక్కు తరగతి గదిలో ఎదురైంది. డిగ్రీ దాకా నేను చదివింది తెలుగు మాధ్యమం. తెలుగు అకాడమీ పుస్తకాల్లో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని వల్లె వేసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని, ఇక్కడ ఇంగ్లీషులో గంటసేపు సాగే పాఠంలో ఏ మాట శిల పేరో, ఏ మాట ఊరి పేరో పోల్చుకోలేక రాసుకోవడం మానేసి బల్ల మీద గీతలు గీస్తూ కూర్చునేవాణ్ని. సాయంత్రాలు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీకి అరగంట చొప్పున చదివేవాణ్ని. ఇంటికి రాసిన 15 పైసల కార్డుల్లో మాత్రం అంతా బాగుందనే రాశాను. తెలుగులో చదవడం వల్ల నాకు విషయం తెలియకుండా పోలేదని ఆనాడే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే సగం దిగులు తగ్గేది. కానీ నాలాంటి వాళ్లు తరగతిలో ఇంకా ముగ్గురు ఉన్నారని కూడా నాకు తెలియదు. అందరమూ అర్థమైనట్టే తలలూపేవాళ్లం.

ఆ పరిస్థితుల్లో ఒక ఉదయం మా మాస్టారు తరగతి మొత్తాన్ని కైలాసగిరి కిందికి, సముద్రం ఒడ్డునున్న రాళ్ల దగ్గరికి నడిపించుకుని వెళ్లారు. పేర్లు తరవాత చూద్దాం, ముందు ఒక ముక్క కొట్టి చేత్తో పట్టుకోండి అన్నారు. పైన తుప్పు రంగులో, ముట్టుకుంటే పొడి రాలేటట్టున్న రాయిని సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపలి ముఖం తేటగా బయటపడింది. సన్నని తెల్లని పోగుల మధ్య దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి గింజలు గుత్తులుగా ఉన్నాయి. లెన్సుతో చూడవలసిన పనే లేకపోయింది. మా ఇంటి అరుగు పక్క గోడలో ఉన్నది ఆ రాయే. వేసవి మధ్యాహ్నాలు పిల్లలమంతా ఆ గోడ నుంచి గోళ్లతో, మేకులతో ఎర్ర గింజలు పెరికి అగ్గిపెట్టెల్లో దాచుకుని, లెక్కపెట్టుకుని, దెబ్బలాడుకున్నాం.

ఆ రాయి పేరు ఖోండలైటు. ఎర్ర గింజలు గార్నెట్, తెల్లని పోగులు సిల్లిమనైట్. కలహండి కొండల్లోని ఖోండుల పేరు మీదుగా, అంటే మనం కోదులని పిలిచేవారి పేరు మీదుగా, 1902లో వాకర్ అనే భూశాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. మేము చదువుకుంటున్న సైన్సు కళాశాలకు దాత అయిన విక్రమదేవ వర్మ గారి జయపురం కూడా ఆ కొండల వైపుదే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ పరాయివాడినని ముడుచుకుని కూర్చున్నవాడికి, కాళ్ల కింది కొండే మా ఊరి దాకా వరసగా ఉన్నదని తెలిసింది. అలలు వెనక్కి తీసినప్పుడు తడి ఇసుక మీద ఎర్రని చారలు మిగులుతాయి. వానలకు కొండల నుంచి కొట్టుకొచ్చి చేరిన గార్నెట్ గింజలే అవి. అన్నాళ్లూ వాటి మీదే నడిచాను.

బీచ్‌లో కూర్చున్నప్పుడు ఒక సీనియర్ చెప్పిన మరో సంగతి కూడా నాకు గుర్తుంది. 1950వ దశకంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ ఇక్కడికి వచ్చి మన తీరానికి ఎదురుగా నీటి అడుగున పరిశోధించిన లోయలకు ఆంధ్రా, మహదేవన్, కృష్ణ అని పేర్లున్నాయట. ఒకటి విశ్వవిద్యాలయం పేరు, ఒకటి మా శాఖకు పెద్దగా ఉన్న ఆచార్యులది, ఒకటి విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు, అంటే వైస్ ఛాన్సలర్, వి.ఎస్. కృష్ణ గారిది. రోజూ నేను నిఘంటువు పట్టుకుని కూర్చునే గ్రంథాలయం పేరే సముద్రం అడుగున ఒక లోయకూ ఉన్నదన్నమాట.

అప్పటి నుంచి నోటుపుస్తకంలో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క నేను చూసిన వస్తువు రాసుకోవడం మొదలుపెట్టాను. నిఘంటువు అర్థాల కన్నా అవే పరీక్షలో అక్కరకు వచ్చాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అరుగు గోడ నుంచి పిడికెడు ముక్క కొట్టుకుని వచ్చాను. ఇల్లు కూల్చడానికా నిన్ను చదివిస్తున్నది అని అమ్మ కేకలు వేసింది. ప్రయోగశాలలో దాన్ని కోసి, గాజు పలక మీద అతికించి, 0.03 మిల్లీమీటరు మందానికి వచ్చేదాకా అరగదీశాను. మొదటి రెండు పలకలూ నా మొరటు చేతికి పొడైపోయాయి. మూడోది నిలిచింది.

మార్చిలో నాన్న మనియార్డరు బదులు తనే డబ్బు పట్టుకుని వచ్చారు. మాస్టారి అనుమతితో ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, మన గోడే చూడు నాన్నా అన్నాను. కండువాతో కళ్లు తుడుచుకుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు. మామూలు వెలుతురులో లేత గులాబీ రంగులో ఉన్న గింజలు, నేను పైనున్న పోలరాయిడు ఫిల్టరును అడ్డం పెట్టగానే నల్లబడ్డాయి. వాటి చుట్టూ ఉన్న తెల్లని పోగులు మాత్రం నీలం, పసుపు, నారింజ రంగులతో వెలిగాయి. నాన్న తల పైకెత్తారు.

“ఎర్ర గింజలేవిరా? మాడిపోనాయేటి?”

గార్నెట్ ఐసోట్రోపిక్ అని నా నోటిదాకా వచ్చింది. ఆర్నెల్ల కిందట ఆ మాటే నాకు తెలియదు. ఇప్పుడు అది తప్ప మరో మాట రావడం లేదు. ఎన్ని రకాలుగా మొదలుపెట్టినా సగంలో ఇంగ్లీషులోకి జారిపోయి ఆగిపోతున్నాను. ఆయన కాసేపు ఓపిక పట్టి, “పోన్లే, ఇంటికెళ్లాక గోడలో చూస్తాను, ఉన్నాయో లేదో” అని మళ్లీ కన్ను ఆనించారు.