పుచ్చిన స్తంభం, కారే గట్టర్

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరంలో గ్రే లిన్, మౌంట్ ఈడెన్ వీధుల్లో వందేళ్లు దాటిన చెక్క ఇళ్లు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. ఎక్కువ భాగం కౌరీ అనే స్థానిక వృక్షం కలపతో కట్టినవే. నా వడ్రంగం చాలావరకు వాటి వరండాల దగ్గరే సాగుతుంది. మన వైపు వడ్రంగికి చెదలంటే భయం. ఇక్కడ భయమంతా వాన గురించే. చలికాలంలో తడిసిన చెక్క రోజుల తరబడి ఆరదు.

పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. స్తంభం మొదట్లో స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే మాత్రం సులువుగా లోపలికి దిగిపోతుంది. గోధుమ రంగుకు తిరిగిన చెక్క చిన్న చిన్న గడులుగా పగిలి, వేళ్ల మధ్య పొడి అవుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే పుచ్చు పట్టడం మొదలవుతుంది. నీళ్లను ఎక్కువగా పీల్చేది కోసిన కొస. అందుకే స్తంభం అడుగు, గడపా ద్వారబంధమూ కలిసే మూల ముందుగా పోతాయి.

"లప్పం పెట్టి రంగు వేసేయకూడదా?" అని చాలామంది ఇంటివాళ్లు అడుగుతారు. నేను ఒప్పుకోను. తడి చెక్క మీద లప్పం పెడితే తేమను లోపలే బంధించినట్టు. గంటల లెక్కన కూలి తీసుకునే చోట "ఆరేదాకా ఆగుదాం" అని చెప్పడం కష్టమే, అయినా చెప్పాల్సిందే.

మొన్న ఒక పెద్దావిడ స్తంభం మార్చమని పిలిచారు. నిచ్చెన ఎక్కి చూస్తే చూరు అంచున వాననీళ్లు పట్టే గట్టర్ అతుకు కారుతోంది, ఆ నీళ్లు స్తంభం వెంటే దిగుతున్నాయి. ముందు దాన్ని బాగుచేశాను. ఆ తర్వాత దూలం కింద జాకీ పెట్టి, గట్టి చెక్క తగిలేదాకా స్తంభాన్ని కోశాను. 1980కి ముందు కట్టిన ఇళ్ల పెయింటులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకలేదు. కింద షీటు పరిచి, మాస్కు కట్టుకుని, తడిపి గీకాను. తీరా చూస్తే కుళ్లింది ఎవరో తర్వాత అతికిన పైన్ కలప ముక్క. దాని పైనున్న కౌరీ చేవ ఉలికి ఓ పట్టాన లొంగలేదు! ఇప్పుడు కౌరీ చెట్లను దాదాపుగా కొట్టనివ్వరు. అందుకే కూల్చిన ఇళ్ల కలప అమ్మే యార్డులో వెతికి తెచ్చి, ఏటవాలుగా అతుకు వేశాను. అడుగున స్తంభాన్ని పట్టి ఉంచే ఇనుప చెప్పు బిగించి, సిమెంటుకూ చెక్కకూ మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచాను.

1998 నుంచి కొన్నేళ్లపాటు ఈ దేశంలో పుచ్చకుండా మందు పట్టించని పైన్‌తో గోడల ఫ్రేములు కట్టనిచ్చారు. లోపలికి నీళ్లు దిగి వేల ఇళ్లు కుళ్లాయి, బాగుచేయించుకోలేక ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. ఆ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి, కోసిన ప్రతి కొసకూ మందు పూసి, నాలుగు వైపులా ప్రైమర్ వేసిన తర్వాతే ముక్కను బిగిస్తాను. ఆ అరగంటకు డబ్బు ఎందుకని అడిగిన వాళ్లకు పాత ముక్కను చేతిలో పెట్టి చూపిస్తాను. పెద్దావిడ మాత్రం ఏమీ అడగలేదు. ఏటా ఇక్కడి చలికాలం మొదలవకముందే, అంటే మే నెలలోపు, గట్టర్ శుభ్రం చేయించమనీ, స్తంభానికి ఆనించి పూల కుండీలు పెట్టవద్దనీ ఆవిడకు చెప్పి వచ్చాను.