కరెంటు ఆపాం, గాలి వదల్లేదు

ఫ్యాక్టరీలో కన్వేయర్ (సరుకు మోసే బెల్టు) మీద పెట్టెలను పక్కకు నెట్టే గేటు ఇరుక్కుపోయింది. మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, ట్యాగ్ తగిలించి పనిలోకి దిగాం. కానీ ఆ గేటును తిప్పేది మోటారు కాదు, ఒత్తిడి గాలితో నడిచే సిలిండర్. కరెంటు ఆపినా లోపల గాలి ఒత్తిడి అలాగే ఉంటుంది. వాల్వు మూసి, లోపలి గాలి వదిలి, ఒత్తిడి చూపించే గేజీ సున్నాకు వచ్చిందో లేదో చూడాల్సింది. చూడలేదు. అడ్డుపడ్డ ముక్కను లాగగానే గేటు ఇనుప చెయ్యి విసురుగా తిరిగి హెల్మెట్ అంచు కింద, ఎడమ కణత మీద కొట్టింది. మామూలు హెల్మెట్ పైనుంచి పడే దెబ్బను ఆపినంతగా పక్కనుంచి వచ్చేదాన్ని ఆపదు.

దెబ్బ తగిలిన క్షణం నాకు గుర్తులేదు. నేలమీద కూర్చుని ఉన్నాను. "ఇవాళ ఏ వారం?" అని మా హెల్పర్‌ని నాలుగుసార్లు అడిగానట. లేచి పని పూర్తి చేస్తానన్నానట. "కదలొద్దన్నా" అంటూ వాడు నా భుజాలు పట్టుకునే కూర్చున్నాడు. అందుకు వాడికి ఎంతో రుణపడి ఉన్నాను.

సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. కంకషన్ అన్నారు డాక్టర్. మెదడు కుదుపుకు గురైందని, అది మామూలుగా స్కాన్‌లో కనపడదని చెప్పారు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతూ పోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, మత్తులోంచి లేపలేకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ రాత్రంతా మా ఆవిడ కన్ను మూయలేదు.

వాపు వారంలో తగ్గింది. అసలు కష్టం ఆ తర్వాతే. ట్యూబ్‌లైటు వెలుగు కళ్లలో గుచ్చుకునేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానో గుర్తురాక నిలబడిపోయేవాణ్ణి. ఒకరోజు మా పాప గట్టిగా నవ్విందని కసిరాను. అది బిత్తరపోయి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "స్కాన్ బాగుందిగా, ఇంకా ఏమిటి?" అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలిసేది కాదు.

మొదటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ ముట్టలేదు. తర్వాత రోజూ కాస్త నడక. తలనొప్పి పెరిగితే ఆ రోజుకు ఆపేసేవాణ్ణి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నాకు 3 నెలలు దాటింది. మధ్యలో తొందరపడి 12వ రోజున డ్యూటీకి వెళ్లాను. నిచ్చెన రెండో మెట్టు మీదే కళ్లు తిరిగాయి. మళ్లీ వెళ్లినప్పుడు రోజుకు 4 గంటలే, అదీ నేలమీద పనే చేశాను.

ఇప్పుడు గాలి వదిలిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా సిలిండర్ దగ్గర చెయ్యి పెట్టను. హెల్పర్ గేజీ దగ్గర నిలబడి "సున్నా అన్నా" అంటాడు. నేనూ వెళ్లి చూస్తాను. ఆ తర్వాతే స్పానర్ అందుకుంటాను.