బాజీరావు దగ్గర పోయిన మార్కు

పోటీ పరీక్ష మొదటి అటెంప్ట్ అయ్యాక ఆన్సర్ కీ ముందేసుకుని కూర్చుంటే, తెలియక పోయిన మార్కుల కన్నా తెలిసీ పోగొట్టుకున్నవే ఎక్కువ కనిపించాయి. హిస్టరీలో అయితే దాదాపు అన్నీ ఒకే రకం తప్పులు. పేరు కరెక్టే, మనిషే వేరు.

మరాఠా పీష్వా ఇంగ్లీషు వాళ్ళతో చేసుకున్న 1802 బస్సీన్ సంధి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. ఆప్షన్లలో మొదటి బాజీరావు పైన, రెండో బాజీరావు కింద. బాజీరావు అని కనబడగానే పైదాన్ని బబుల్ చేసేశాను. ఆయన 1740లోనే పోయాడు! సంధి చేసుకున్నది ఆయన మనవడు, చివరి పీష్వా.

మనవడు అన్న మాట దగ్గరే నాకు దారి దొరికింది. బాజీరావుల మధ్య రఘునాథరావు ఉన్నాడు. బాదామి చాళుక్యుల్లో ఇద్దరు పులకేశుల మధ్య కీర్తివర్మ. గుప్తుల్లో ఇద్దరు చంద్రగుప్తుల మధ్య సముద్రగుప్తుడు. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టే! అప్పట్నుంచి నడిమి మనిషిని గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టాను. సముద్రగుప్తుడు గుర్తుంటే చాలు. లిచ్ఛవి వంశపు కుమారదేవిని పెళ్ళి చేసుకున్నది అతని తండ్రి, శకులను ఓడించింది అతని కొడుకు. మౌర్య చంద్రగుప్తుడు వీళ్ళకి ఆరేడు వందల ఏళ్ళ ముందువాడు, ఆయన్ని ఈ లెక్కలోకి తేకండి.

రాజరాజనరేంద్రుడిదీ తాత పేరే, కాకపోతే తల్లి వైపు. తంజావూరు బృహదీశ్వరాలయం కట్టించింది తాత రాజరాజచోళుడు, నన్నయతో భారతం మొదలుపెట్టించింది మనవడు. మధ్యలో ఉన్న తల్లి పేరు కుందవ్వ. చోళుడి అక్క పేరు కూడా కుందవ్వే! అది చదివిన రోజు పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

ఈ తాత-మనవడి సూత్రం ప్రతాపరుద్రుడి దగ్గర పనిచేయదు. కాకతీయుల్లోనే ఇద్దరు. మొదటాయన్ని పుస్తకాలు రుద్రదేవుడనీ అంటాయి, హనుమకొండ వేయిస్తంభాల గుడి ఆయనదే. రెండో ఆయన రుద్రమదేవి కూతురి కొడుకు, 1323లో ఓరుగల్లు పడిపోయింది ఈయన కాలంలోనే. మూడో ఆయన అసలు కాకతీయుడే కాదు, ఒడిశా గజపతి. ఇక్కడ నేను ప్రశ్నలో ఉన్న రెండో పేరు చూస్తాను. ఓరుగల్లు మీదికొచ్చిన ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ కనిపిస్తే కాకతీయుడు. కృష్ణదేవరాయలో, 1515లో ఆయన గెలిచిన కొండవీడో కనిపిస్తే గజపతి.

గణితంలో పేరున్న ఇద్దరు భాస్కరులది ఇంకో తలనొప్పి. ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసినాయన ఏడో శతాబ్దం వాడు, లీలావతి రాసినాయన 1114లో పుట్టాడు. చుట్టరికం లేదు, ఒకటి, రెండు అంకెలు తర్వాతి వాళ్ళు తగిలించినవే. ఇది చాలదన్నట్టు స్పేస్ చాప్టర్‌లో భాస్కర-1 (1979), భాస్కర-2 (1981) ఉపగ్రహాలు! ప్రశ్నలో శతాబ్దం అడిగాడో, ప్రయోగించిన సంవత్సరం అడిగాడో చూసుకోండి, అంతే.

రెండో అటెంప్ట్‌లో ఉత్తర హరివంశం ఎవరిదని వచ్చింది. పాల్కురికి సోమనాథుడు పైన, నాచన సోమనాథుడు కింద. అలవాటు కొద్దీ పెన్ను పైకే పోయింది, ఆగాను. బసవపురాణం రాసిన వీరశైవుడికి విష్ణుకథతో పనేముంది? నాచన సోమన్నకే బబుల్ చేశాను.