ఓల్డ్ కోర్స్‌కు నా ఖర్చు లెక్క

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానంలో ఒక్క రౌండ్ ఆడడానికి లెక్క వేసుకున్నప్పుడు, 2024 ప్రధాన సీజన్‌లో 320 పౌండ్లుగా ఉన్న గ్రీన్ ఫీజు (మైదానంలో ఆడేందుకు కట్టే రుసుము) కన్నా బస ఖర్చే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ముందుగా బుకింగ్ దొరకనివారు రెండు రోజుల ముందు తీసే లాటరీకి పేరు ఇచ్చుకోవాలి. అందులో పేరు రాకపోతే మరో రాత్రి గది అద్దె భరించాలి, లేదా ఆశ వదులుకోవాలి. పైగా ఆదివారం సాధారణంగా ఆట ఉండదు. అందుకే అదనపు రాత్రుల సొమ్మును ముందే పక్కన పెట్టాను.

ఆటగాడి కర్రల సంచి మోస్తూ, ఎటు కొట్టాలో చెప్పే క్యాడీకి ఇచ్చే రుసుము, టిప్పు వేరే. అక్కడ పొదుపు చేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు, ఎందుకంటే పదిహేడో హోల్‌లో బంతి పడే చోటు కనబడకుండానే హోటల్ షెడ్ల మీదుగా కొట్టాల్సి వస్తుంది. బదులుగా జ్ఞాపికల కొనుగోలుకు కేటాయించిన మొత్తాన్ని, కొంత అయిష్టంగానే, కొట్టివేశాను.