లెఫ్ట్ మీద కొట్టరా!

మన క్లాసు లీడరు మూడు వారాలుగా నా వెంటపడుతున్నాడు. "మన బ్యాచ్ సంచికకి రెండు పేజీలు రాయరా, పాస్‌పోర్ట్ సైజు ఫోటో పంపు, స్కూలు గురించి నాలుగు మంచి మాటలు" అని రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో మెసేజ్. ఫోటో పంపేశాను (జుట్టు చూసి మోసపోకండి, అది పదేళ్ల కిందటిది). మంచి మాటల దగ్గరే ఆగిపోయాను. ఏడో తరగతి నుంచి తొమ్మిది దాకా ఏం చదివానో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. లెక్కల మాస్టారి గురించి పొట్టి రాస్తాడు, ఆయన చేతి దెబ్బలు అందరికన్నా ఎక్కువ తిన్నది వాడే కదా. సుద్దముక్కల కేసు గుండు రాయాలి, ముద్దాయి వాడే కాబట్టి. నాకు మిగిలింది సైకిల్ షెడ్డు వెనక రేకుల గది, అందులో బ్యాండు మాస్టారు.

సాయంత్రం నాలుగున్నరకి కాకినాడ జగన్నాథపురం వంతెన దిగి ఆ సైకిలు వస్తుంటే బెల్లు కన్నా ముందు చైన్ కవరు చప్పుడు వినిపించేది, గుర్తుందా? పోలీసు బ్యాండులో రిటైరైన మనిషి, మనల్ని కూడా కానిస్టేబుళ్లలాగే చూసేవాడు. మొదటి నెలంతా ట్రంపెట్ ముట్టుకోనివ్వలేదు. ఉత్త పెదాలు బిగించి "బుర్ర్" అనుకుంటూ ఇంటికి నడవమన్నాడు. మా నాన్నమ్మ నాకేదో గాలి సోకిందని దిష్టి తీసింది. తరవాత చింతపండు గుజ్జు. శనివారం శనివారం బావి గట్టు మీద కూర్చుని ఆ నాలుగు ట్రంపెట్లూ తోమేవాళ్లం. తోమీ తోమీ పైనున్న పూతంతా పోయి, వాయించాక పెదాల మీద ఇత్తడి కంపు, దానికి తోడు చింతపండు పులుపు. ఇప్పటికీ పచ్చి పులుసు తింటుంటే నాకు జనగణమన వినిపిస్తుంది.

ఆ ఆగస్టు 15 గురించి కొత్తగా చెప్పేదేముంది. పరేడ్ గ్రౌండ్స్, కలెక్టరు గారు, పెద్ద డ్రమ్ము, డబ్బాగాడు. వాడు అర దెబ్బ ఆలస్యంగా కొట్టాడు, ఒకసారి కాదు, మొదటి నుంచి చివరి దాకా. మనవాళ్లలో సగం మంది డ్రమ్ము విని నడిచారు, సగం మంది ముందువాడి మడమ చూసి నడిచారు. మాస్టారు పక్కనే పరిగెడుతూ పళ్లబిగువున "లెఫ్ట్ మీద కొట్టరా, కాలు నేల మీద పడ్డప్పుడు కొట్టరా" అన్న మాట ముందు వరుస అతిథులకి కూడా వినబడింది. ఆ తరవాత వారం రోజులు రేకుల గది చుట్టూ డ్రమ్ము మోసుకుని తిరిగాడు పాపం. వాడిప్పుడు రాజమండ్రిలో గుండె డాక్టరు. ఇంక నేనేమీ అనను.

కానీ అదే మాస్టారు, వైశాఖంలో, మెయిన్ రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులో ఎర్ర కోటు వేసుకుని కనబడ్డాడే, అది చూసింది నేనూ పొట్టీ మాత్రమే. కారు ముందు నిలబడి "అల్బేలా" పాట వాయిస్తున్నాడు, 1951 హిందీ సినిమా, సి. రామచంద్ర బాణీ. కాలు నేల మీద పడ్డప్పుడు కాదు, కొంచెం ఆగి, వెనక్కి వాలుతూ వాయిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆపలేదు, కన్ను కొట్టాడు. స్కూల్లో చెప్పకండి అని దాని అర్థం. ఇన్నేళ్లూ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు చెప్తున్నా.

మధ్యలో ఇంజనీరింగు, ఉద్యోగం, పెళ్లి. వాటి గురించి ఫేస్‌బుక్‌లో చూసే ఉంటారు.

మేమిప్పుడు ఇంగ్లండులో కోవెంట్రీలో ఉంటున్నాం. పగలు కార్ల బ్రేకుల డిజైను, గురువారం రాత్రి బ్యాండు ప్రాక్టీసు. తొమ్మిది మందిమి, పాతకాలపు స్వింగూ (అమెరికా జాజ్ డాన్సు సంగీతం), స్కా (జమైకా డాన్సు సంగీతం) వాయిస్తాం, జనం కుర్చీలు వెనక్కి తోసి డాన్సు చేస్తారు. ఈ ఊళ్లోనే 1979లో జెర్రీ డామర్స్ టూ టోన్ రికార్డ్స్ అనే స్కా రికార్డుల కంపెనీ పెట్టాడు, దాని గుర్తైన నలుపు తెలుపు గళ్లు ఇప్పటికీ ఇక్కడ టీ కప్పుల మీద కూడా కనబడతాయి. నన్ను చేర్చుకున్న మొదటి రోజు మా శాక్సఫోన్ ఆవిడ నా బూటు వంక చూసి "నువ్వు పోలీసువా?" అంది. మార్చింగులో దెబ్బలు సమానం, తక తక. స్వింగులో మొదటిది సాగాలి, రెండోది అంటుకోవాలి, తా..క తా..క. ఇక స్కాలో అయితే గిటారు మోగేది కాలు గాల్లో ఉన్నప్పుడే! డబ్బాగాడి తప్పుకి జమైకాలో ఒక పేరు పెట్టి, దాని మీదే మొత్తం సంగీతం కట్టారన్నమాట. ఆ రాత్రి బస్సులో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఆ సంగీతం కూడా చాలా మటుకు ఒక స్కూలు బ్యాండు గదిలోంచే వచ్చింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో నన్‌లు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూలు, బీద పిల్లల స్కూలు. 1964లో స్కాకి పేరు తెచ్చిన స్కాటలైట్స్ బ్యాండు మొదలైనప్పుడు అందులో నలుగురు అక్కడి పిల్లలే. ఆ నలుగురిలో ఒకడైన డాన్ డ్రమ్మండ్ దగ్గర ట్రాంబోన్ నేర్చుకున్న రీకో రోడ్రిగెజ్ 1961లో ఇంగ్లండు వచ్చి, తరవాత మా ఊరి స్కా బ్యాండు స్పెషల్స్‌తో వాయించాడు. ఆల్ఫా స్కూల్లోని సిస్టర్ ఇగ్నేషియస్ గారికి రికార్డులంటే ప్రాణమట, పిల్లలకి వేసి వినిపించేవారట. అది చదివినప్పుడు నాకు రేకుల గదే కనబడింది, ఏం చెయ్యను.

పోయిన డిసెంబరులో మా ప్రోగ్రాంకి టిక్కెట్లన్నీ ముందే అయిపోయాయి. (గొప్ప కాదు, మూడు వందల సీట్లే.) మా అమ్మాయి మొదటిసారి నా పక్కన నిలబడి ట్రాంబోన్ వాయించింది. పెదాలు బిగించి "బుర్ర్" అనుకుంటూ బడికి వెళ్లిన పిల్ల అది, మా ఆవిడ దిష్టి మాత్రం తియ్యలేదు.

మాస్టారు పోయిన సంగతి నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. ఎవరూ చెప్పలేదు, అందుకు మీ అందరి మీదా కోపం ఉంది, కోటయ్య కాజా కిలో పెడితే తగ్గుతుంది.

జనవరిలో వస్తున్నాను. ట్రంపెట్ క్యాబిన్ బ్యాగులో తెస్తాను. ఒరేయ్ లీడరూ, పెద్ద డ్రమ్ము ఎక్కడున్నా వెతికించు, తోలు చిరిగితే మార్పించు, డబ్బులు నేనిస్తా. డబ్బాగాడి ఆపరేషన్లు ఆ రోజుకి వాయిదా వేయించు. వాడికి ఒక్క మాట మాత్రం ముందే చెప్పండి, ఈసారి లెఫ్ట్ మీద కొట్టాడంటే ఊరుకోను.