మట్టి కడ్డీలు విరిచిన లెక్క

కుండల పని పక్కన పెట్టి, ఎర్రమట్టి కడ్డీలు కాల్చి విరుస్తున్నాను. కాలాక ఒక్కోటి 120 మి.మీ. పొడవు, 20 వెడల్పు, 10 మందం. వేడి 950 డిగ్రీలు. సగం కడ్డీలకు మట్టి బాగా పిసికాను, మిగతా సగానికి కావాలనే పైపైన కలిపి గాలిని లోపలే ఉండనిచ్చాను.

పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. 100 మి.మీ. ఎడంగా రెండు ఇనుప ఊచలు, వాటి మీద కడ్డీ, కడ్డీ నడుమ తాడుకు వేలాడే బకెట్. అందులో ఇసుక సన్నగా పోస్తూ, విరగ్గానే ఆపి బకెట్ తూయాలి. కింద పాత దిండు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. బరువును న్యూటన్లలోకి మార్చి (కిలోలను 9.8తో గుణించి), దాన్ని ఎడంతోనూ 3తోనూ గుణించి, వెడల్పు, మందం వర్గం, 2 — ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే బలం మెగాపాస్కల్స్‌లో, అంటే చదరపు మి.మీ.కి ఇన్ని న్యూటన్లని, వస్తుంది. 13.5 కిలోలకు విరిగితే దాదాపు 10.

బాగా పిసికినవి 12–15 కిలోల మధ్య విరిగాయి. రెండో రకంలో ఒకటి 6 కిలోలకే పోయింది, ఇంకోటి 14 దాకా మోసింది! సగటు కంటే నాకు ఈ తేడాయే ముఖ్యం. భూతద్దంతో విరిగిన ముఖాలు చూశాను. 6 కిలోల దానిలో అడుగు అంచుకు ఆనుకుని పెసరగింజంత గాలి గుల్ల ఉంది. 14 మోసినదానిలోనూ గుల్లలు తక్కువేం లేవు, కాకపోతే అన్నీ పై సగంలోనే. కడ్డీ వంగేటప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది. పగులు తెరుచుకునేది సాగే చోటే. అందుకే గుల్లలు ఎన్ని అన్నది కాదు, అడుగున ఉన్న పెద్దది ఎంత అన్నదే లెక్క.

1920లో ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ గాజు మీద తేల్చింది ఇదే: పగులు నాలుగింతలు పొడవైతే బలం సగమవుతుంది. లోహమైతే పగులు కొన దగ్గర కాస్త సాగి సర్దుకుంటుంది, కాలిన మట్టికి ఆ వెసులుబాటు లేదు. పైగా వస్తువు పెద్దదయ్యేకొద్దీ పెద్ద లోపం దొరికే అవకాశమూ పెరుగుతుంది కాబట్టి, ఈ అంకెను నేరుగా పెద్ద పళ్ళేనికి వాడలేం.

జల్లించని మట్టి కడ్డీ ఒకటి ఏ బరువూ లేకుండా అల్మారాలోనే పెచ్చు ఊడింది. లోపల తెల్లటి సున్నపురాయి పలుకు. కాలాక అది పొడిసున్నమై, గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఇక 60 మెష్ (అంగుళానికి 60 కన్నాల) జల్లెడ పట్టకుండా మట్టి ముట్టను.

తీగతో కోసిన అంచుల్లోని గాట్ల నుంచీ కొన్ని విరిగాయి. తర్వాతి విడతలో మట్టి అరపచ్చిగా ఉన్నప్పుడే తడి స్పాంజితో అంచులు రుద్ది, ఆ ముఖం కిందికి పెట్టి విరుస్తాను.