412 రూపాయల 50 పైసలు

మంగళవారం.

మధ్యాహ్నం దాకా మీటింగులతోనే సరిపోయింది. ఆ తర్వాత టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడితో కూర్చుని బిల్లింగ్ కోడ్‌కి యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లోని ఒక్కో చిన్న ముక్కని విడిగా పరీక్షించే ప్రోగ్రాములు, రాయించాను. అది మాత్రం రాసిపెట్టుకోవాలనిపించింది.

"కోడ్ నడుస్తోంది కదన్నా, స్క్రీన్ మీద చూశాను కూడా. మళ్లీ టెస్ట్ దేనికి?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. కళ్లతో చూసుకున్నది ఆ పూటకే. వచ్చే నెల ఇంకొకరు అదే ఫంక్షన్‌లో (ఒక పని చేసే కోడ్ ముక్కలో) చెయ్యి పెడితే మళ్లీ అన్నీ చూసేదెవరు? ఏ ఇన్‌పుట్‌కి ఏ జవాబు రావాలో ఒకసారి రాసి పెడితే, కోడ్ మారిన ప్రతిసారీ మెషీనే అడిగి చెబుతుంది.

పన్ను మొత్తాన్ని రూపాయికి సర్దే చిన్న ఫంక్షన్ తీసుకున్నాం. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) చట్టం 170వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది: 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి, తక్కువైతే వదిలేయాలి. తను పైథాన్ భాషలో అంకెల్ని సర్దడానికి ఉండే రౌండ్ వాడాడు. మొదటి టెస్టుకి 413.50 ఇచ్చి 414 రావాలన్నాడు. వచ్చింది. "ఇప్పుడు 412.50 ఇవ్వు" అన్నాను. టెస్టులు నడిపే పైటెస్ట్ ఎర్రగా చూపించింది, 413 రావాల్సిన చోట 412 వచ్చిందని.

ఇద్దరం ఆ లైన్ దగ్గరే చాలాసేపు ఉన్నాం. పైథాన్ 3లో రౌండ్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది. 414 సరిసంఖ్య కాబట్టి మొదటి జవాబు కలిసొచ్చింది. 412 కూడా సరిసంఖ్యే కాబట్టి రెండోది కిందికి దిగింది. పైథాన్ తన పద్ధతి ప్రకారమే చేసింది, చట్టం అడిగేదే వేరు. పైథాన్‌లోనే ఉన్న డెసిమల్‌కి మార్చి, సగం వస్తే పై అంకెకి వెళ్లే రౌండ్ హాఫ్ అప్ పెట్టాక రెండూ పచ్చబడ్డాయి. సరిగ్గా 50 పైసలున్న కేసుల్లో కూడా సగానికి సగం సరైన జవాబిచ్చే తప్పును స్క్రీన్ మీద చూసి ఎవరు పట్టుకుంటారు?

ఒక్కసారైనా ఎర్రగా చూడని టెస్టును నేను నమ్మను. మొదటిసారే పాసైతే, కోడ్‌ని కావాలని చెడగొట్టి అది ఫెయిలవుతుందో లేదో చూడమన్నాను. ఈ ఎరుపు, పచ్చ అలవాటుకి జావా భాషలో టెస్టులు రాసే జేయూనిట్ చాలా చేసింది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు ప్రోగ్రామర్లు జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలో రాయడం మొదలుపెట్టారు దాన్ని. అంత పెద్ద ఉపకారం ఒక ప్రయాణంలో మొదలైందంటే నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

తర్వాత లేట్ ఫీజు. నెలనెలా జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్న్ వేసేవాళ్లకి మామూలు గడువు మరుసటి నెల 20. అంటే పరీక్షించాల్సింది 19, 20, 21 తేదీలు. నెల మధ్యలో ఏదో ఒక రోజు ఇస్తే లాభం లేదు, తప్పులన్నీ గట్టు మీదే ఉంటాయి. ఫంక్షన్ మాత్రం లోపల్లోపలే ఈరోజు తేదీని తెచ్చుకుంటోంది. అలా అయితే ఇవాళ పాసైన టెస్టు రేపు ఫెయిలవుతుంది. తేదీని బయటి నుంచి ఇచ్చేలా మార్చాం. డేటాబేస్, నెట్‌వర్క్ సంగతీ అంతే, లెక్క చేసే ముక్కని వాటి నుంచి విడదీస్తే టెస్టు క్షణంలో అయిపోతుంది.

టెస్ట్ కవరేజ్ ఎంత శాతం ఉండాలని అడిగాడు. ఆ అంకె ఏ లైన్లు నడిచాయో చెబుతుంది, వచ్చిన జవాబు సరైనదో కాదో చెప్పదు. 413.50 ఒక్కటే ఉన్నప్పుడు కూడా ఆ ఫంక్షన్‌కి నూటికి నూరు ఉండేది.

లేవబోతుంటే తనే అడిగాడు: "క్రెడిట్ నోట్‌లో, అంటే బిల్లు మొత్తం తగ్గించేటప్పుడు ఇచ్చేదాంట్లో, మైనస్ 412.50 వస్తేనో అన్నా?" ఇప్పుడున్న కోడ్ మైనస్ 413 ఇస్తుంది. అదే కావాలో కాదో మా ఇద్దరిలో ఎవరం తేల్చేది కాదు. అకౌంట్స్ మేడమ్‌కి మెయిల్ పెట్టాం. జవాబు రాగానే ఆ టెస్టు తనే రాస్తానన్నాడు.